టెలివిజను ప్రకటన: ప్రసారయోగ్యత, తెలుగు లిపి

చిత్రీకరణము ముగిసి, కూర్పు జరిగి, సంగీతము చేరినంతనే టెలివిజను ప్రకటన పూర్తియైనదని సామాన్యముగా తలంచుదురు. కాని పూర్తియైన ప్రకటనకును, ప్రసారయోగ్యమైన ప్రకటనకును భేదము కలదు. మొదటిది నిర్మాతకు తృప్తి కలిగించినది. రెండవది చానెలువారి కొలతలకును, నియమములకును, తుదకు ప్రేక్షకుని యింటనున్న తెరకును ఒదిగినది. ఈ రెంటి నడుమ జరుగు సంస్కార మెట్టిదో వివరించి, అందు తెలుగు లిపికి గలుగుచున్న చిక్కును విచారించుట యీ వ్యాసమున మా యుద్దేశము. వ్రాతప్రతిని పరిష్కరించి ముద్రణకు సిద్ధపరచుట మన శాఖలవారికి పరిచితమైన పని. ఇదియు నొక విధమైన ప్రతిపరిష్కరణమే.

మొదటి కొలత కాలము. మన దేశమున టెలివిజను చిత్రము సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నడచును. కావున 10 సెకన్ల ప్రకటనకు 250 ఫ్రేములు, 30 సెకన్ల ప్రకటనకు 750 ఫ్రేములు. చానెలువారు విక్రయించునది కాలమే యగుటచే నిడివి మించిన ప్రకటనకు తుదిభాగము తెగిపోవు ప్రమాదము కలదు. 1994లో వెలువడి పిమ్మట సవరింపబడిన కేబులు టెలివిజను నియమములు గంటకు 12 నిమిషములకు మించి ప్రకటనలు కూడదని విధించినవి. అందు వాణిజ్యప్రకటనలకు 10 నిమిషములు, చానెలు తన కార్యక్రమములను గూర్చి చెప్పుకొనుటకు 2 నిమిషములు.

ఈ కాలనియమమే భాషకును నియమమగుచున్నది. ఒకే ప్రకటన పలు భాషలలో వెలువడునపుడు తరచుగా చిత్రము మారదు, మాట మాత్రమే మారును. హిందీ వాక్యమునకు సరిపోయిన మూడు సెకన్లలోనే తెలుగు వాక్యమును ఇముడవలెను. ఇమడనిచో పలుకువేగమును పెంచుటకంటె వాక్యమును తిరుగ వ్రాయుటయే మేలు. 'నేడే కొనుగోలు చేయండి' అనుదానిలో తొమ్మిది యక్షరములు కలవు. 'నేడే కొనండి' అనుదానిలో ఐదే. అర్థము చెడలేదు, తెలుగు మెరుగుపడినది. ఇట్టి భాషాంతరములకై నిర్మాతలు రెండు ప్రతులను వేరుగా భద్రపరుతురు: తెరపై అక్షరములు లేని చిత్రప్రతి యొకటి, మాటలు లేక సంగీతమును ధ్వనులును మాత్రమే కల శబ్దప్రతి మరియొకటి.

రెండవ కొలత వెలుగు. కంప్యూటరు తెరకై చేసిన 8 బిట్ల చిత్రమున నలుపు 0, తెలుపు 255. టెలివిజను ప్రసారమున నలుపు 16, తెలుపు 235. ఈ పరివర్తనము సరిగా జరుగనిచో చీకటిభాగములందలి వివరములు మునిగిపోవును, వెలుగుభాగములు తేలిపోవును. ఇది కంటికింపు కాకపోవుటతో ముగియు దోషము. మెరుపుల విషయ మట్టిది కాదు. 1993లో బ్రిటనులో ప్రసారమైన యొక యాహారపదార్థపు ప్రకటనయందలి మెరుపులచేత కొందరు ప్రేక్షకులకు మూర్ఛ వచ్చెను. పిమ్మట అచట నియమము లేర్పడినవి. తెరలో నాల్గవవంతుకు మించిన భాగమున సెకనుకు మూడింటికంటె హెచ్చు మెరుపులున్నచో ఆ ప్రకటనను అచట ప్రసారమునకు అంగీకరింపరు. యంత్రముచే దీనిని పరీక్షించు పద్ధతి యిప్పుడు కలదు.

మూడవ కొలత శబ్దము. కార్యక్రమము నడుమ ప్రకటన వచ్చునపుడు శబ్దము హఠాత్తుగా పెరిగినట్లు తోచుట యందరికిని అనుభవమే. శిఖరము ఒక్కటేయైనను, శబ్దమును దట్టముగా నొత్తి నింపినచో చెవికి బిగ్గరగా వినబడును. కావున శిఖరమును మాత్రము కొలుచుట చాలదు. వినికిడిని అనుసరించు కొలత కావలెను. అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము 2006లో అట్టి పద్ధతి నొకదానిని నిర్దేశించినది. దానిని బట్టి ఐరోపా ప్రసారసంఘము 2010లో -23 ఎల్.యు.ఎఫ్.ఎస్. అను ప్రమాణమును స్థిరపరచెను. అమెరికాలో 2010లో ఇందుకై శాసనము చేయబడి, 2012 డిసెంబరులో అమలునకు వచ్చెను. మన కేబులు నియమములలోని ఏడవ నియమమును ప్రకటన మితిమీరి బిగ్గరగా ఉండరాదనియే చెప్పుచున్నది. అయినను ఆ వాక్యమున సంఖ్య లేదు. అందుచే ప్రతి సిద్ధపరచువారు చానెలువారి సాంకేతికపత్రమును ముందుగా తెప్పించుకొని, అందలి సంఖ్యకు శబ్దమును సరిచేయవలసియున్నది.

ఇక ప్రధానవిషయమగు అక్షరమును గూర్చి. ప్రకటనలో పెద్ద గొంతుతో చెప్పినదానిని చిన్న యక్షరములు పరిమితము చేయుచుండును. 'షరతులు వర్తిస్తాయి' అను పంక్తి యట్టిది. కొనుగోలుదారు మోసపోకుండుటకు ఆధారము తరచుగా ఆ పంక్తియే. 1985లో ఏర్పడిన భారత ప్రకటన ప్రమాణ మండలి దీనికి కొలత విధించినది. అట్టి పంక్తి ప్రకటనలోని వాదము ఏ భాషలో నున్నదో ఆ భాషలోనే యుండవలెను. 1080 గీతల చిత్రమున అక్షరము ఎత్తు 18 గీతలకును, 576 గీతల చిత్రమున 12 గీతలకును తగ్గరాదు.

అయితే ఆ నియమము ఎత్తును ఆంగ్లపు చిన్నబడి యక్షరమును బట్టి నిర్వచించినది. తెలుగున పెద్దబడి, చిన్నబడి యను భేదము లేదు. మన యక్షరము పైకి తలకట్టు, గుడి మొదలగువానితోను, క్రిందికి ఒత్తులతోను పెరుగును. పై పంక్తిలోనే 'ర్తి' యందు పైన గుడియు క్రింద తకారపు టొత్తును కలవు. 'స్త్రీ' యందు ఒక్క హల్లు క్రింద రెండొత్తులు చేరినవి. గుడి మొదలు ఒత్తు తుద వరకు కలిపి 18 గీతలని లెక్కించినచో నడిమి యక్షరమునకు దాదాపు సగమే మిగులును. అపుడు ద, ధ, థ అనువాని నడుమ భేదమును తెలుపు చిన్న గీతయు, చుక్కయు ఒకటి రెండు గీతలలో పడును. పెక్కు ప్రసారములందు బేసిగీతలు ఒకమారు, సరిగీతలు మరియొకమారు తెరపైకి వచ్చును. ఒక్క గీత మందము గల రేఖ అదరుచు కనబడును. అక్షరముండియు చదువరాదు. నియమము మాటకు నిలిచినది, భావమునకు నిలువలేదు.

కావున మా యభిప్రాయము: తెలుగున 18 గీతలను తలకట్టు, గుడి, ఒత్తులను విడిచి నడిమి యక్షరమునకే లెక్కించవలెను, పంక్తుల నడుమ ఎడమును ఒత్తులకు చాలునంత పెంచవలెను. 1920 పిక్సెళ్ల తెరపై ఇరుప్రక్కల 96, క్రిందను మీదను 54 పిక్సెళ్లు వదలి, ఆ లోపలనే అక్షరములను నిలుపుట ఐరోపా ప్రసారసంఘపు సూచన. ఆ హద్దును గుడులకును ఒత్తులకును గూడ వర్తింపజేయవలెను. కొన్ని కూర్పుసాధనములు తెలుగు సంయుక్తాక్షరములను విడగొట్టి 'క్ర' కు మారుగా పొల్లు ககారమును, దాని ప్రక్క రకారమును నిలుపును. హిందీ ప్రతిని చూచి తృప్తిపడినవారికి ఇది తెలియదు. తుదిప్రతిని తెలుగు చదువరి యొకడు సామాన్యమైన టెలివిజనుపై, ఇంటిలో కూర్చుండు దూరమునుండి చదివి చూడవలెను.

పిదప మిగులునది యప్పగింత. ఫైలు పేరున వస్తువు, భాష, నిడివి, ప్రతిసంఖ్య స్పష్టముగా నుండవలెను. చిత్రము ఒకటేయైన ప్రకటనలకు భాషయే గుర్తు. పేరు పొరబడినచో తెలుగు చానెలున కన్నడప్రతి వెలువడవచ్చును.

కాలము, వెలుగు, శబ్దము యంత్రములచే కొలువబడుచున్నవి. తెలుగు అక్షరము తెరపై ఎంత యెత్తున, ఎంతసేపు నిలిచిన సుఖపఠనీయ మగునో ప్రయోగముచే నిర్ణయించుట లిపిని, భాషను ఎరిగినవారి పని. దానిని మన శాఖలలోని పరిశోధకులు చేపట్టినచో ఆ ఫలితము ప్రకటనకర్తలకే గాక, ఆ చిన్న పంక్తిని నమ్మి వస్తువును కొను ప్రతి తెలుగువానికిని ఉపకరించును.