చెరుకు పెట్టుబడి: లాభం ఎవరిది, అప్పు ఎవరిది?

ఆఫ్రికా దక్షిణ భాగంలో చెరుకు, పంచదార పరిశ్రమల గురించి రాసేవాళ్ళు కంపెనీ ఎంత డబ్బు పెట్టిందో లెక్క చెబుతారు. భూమి పెట్టినవాళ్ళనీ, రెక్కలు పెట్టినవాళ్ళనీ మాత్రం పెట్టుబడిదారులనరు. ఈ లెక్కలోని మోసం మనకు తెలియనిది కాదు.

నేటాల్ తోటల సంగతే చూద్దాం. 1850లలో అక్కడ తెల్ల దొరలు చెరుకు వేశారు. జూలూలకు సొంత పొలాలూ పశువులూ ఉన్నాయి, ఏడాది పొడుగునా దొర తోటలో పడి ఉండాల్సిన అవసరం లేదు. చేతిలో భూమి ఉన్నవాడు అంత తేలిగ్గా కూలికి లొంగడు. అందుకే దొరల చూపు మద్రాసు వైపు తిరిగింది. 1860 నవంబరు 16న మొదటి ఓడ డర్బన్ చేరింది. 1911 దాకా 1,52,184 మంది ఒప్పంద కూలీలు వెళ్ళారు. అయిదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం. వీళ్ళలో విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళూ ఉన్నారు. అందరూ దళితులు కారు. కానీ ఓడ రిజిస్టర్లలో కులం గడి ఉంది, అందులో మాల, పరియ అనే పేర్లూ ఉన్నాయి. ఒప్పందం తీరాక స్వేచ్ఛగా బతుకుతారేమోనని 1895లో ఏటా 3 పౌన్ల పన్ను చట్టం తెచ్చారు. పన్ను కట్టలేకపోతే మళ్ళీ తోటకు పోవాలి, లేదా ఓడెక్కాలి. 1913 సమ్మె తర్వాత, 1914లో గానీ ఆ పన్ను పోలేదు.

ఇప్పుడు ఒప్పంద కూలీ లేదు. కొత్త ఏర్పాటులో చిన్న రైతు చెరుకు పండిస్తాడు, కంపెనీ మిల్లు ఆడిస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ నరికిన చెరుకు నిలవుండదు. రోజులు గడిచేకొద్దీ అందులో పంచదార తగ్గిపోతుంది. దూరం మోస్తే బాడుగే తినేస్తుంది. అంటే దగ్గరున్న మిల్లొక్కటే గతి. పైగా ఒకసారి నాటితే కార్శి తోటగా కొన్నేళ్ళు సాగాలి. ధర పడిందని మరుసటేడు మొక్కజొన్నకు మారడం కుదరదు.

ఎస్వతిని (2018 దాకా స్వాజీలాండ్) దీనికి మంచి ఉదాహరణ. అక్కడ స్వాజీ జాతి భూమి రాజు పేర ఉంటుంది, ముఖ్యుల ద్వారా కుటుంబాలకు దక్కుతుంది. రైతుకు సాగు హక్కే, పట్టా లేదు. 2002లో మగూగా డ్యాం పూర్తయ్యాక కొమాటి లోయలో కుటుంబాలు తమ చెలకలు కలిపి సంఘాలు కట్టాయి, నీటి పైపులకూ నాట్లకూ బ్యాంకు అప్పులు తెచ్చాయి. అప్పటికి యూరప్ మంచి ధర ఇస్తోంది. 2006 నుంచి యూరోపియన్ యూనియన్ నాలుగేళ్ళలో పంచదార ధరను 36 శాతం తగ్గించింది. ధర తగ్గింది గానీ అప్పు తగ్గలేదు. చెరుకు డబ్బు చేతికి రాకముందే వాయిదా కోత పడుతుంది. తిండి గింజల చేను చెరుకు కింద పోయినవాడు తిండి కొనుక్కోవాల్సిందే.

కంపెనీకి తప్పుకునే దారులున్నాయి. ఇల్లోవోలో 2006లో 51 శాతం కొన్న బ్రిటిష్ కంపెనీ ఏబీఎఫ్ 2016కల్లా మొత్తం కొనేసింది. పలు దేశాల్లో మిల్లులున్నవాడికి ఒకచోట నష్టం ఇంకోచోట పూడుతుంది. 2020లో దక్షిణాఫ్రికాలో ఇల్లోవో వాళ్ళ ఉంజిమ్‌కులు మిల్లు, టోంగాట్ హ్యూలెట్ వాళ్ళ డార్నాల్ మిల్లు ఆగాయి. లెక్కల్లో లాభాలు ఎక్కువ చేసి చూపిన సంగతి 2019లో బయటపడ్డాక, టోంగాట్ 2022 అక్టోబరులో దివాలా రక్షణ కిందికి పోయింది. మిల్లు ఆగితే యజమాని తలుపు మూసుకుంటాడు. చేలో నిలబడ్డ చెరుకును రైతు ఎక్కడికి మోసుకుపోవాలి?

పెట్టుబడి వద్దని కాదు. కానీ పథకం వచ్చినప్పుడల్లా మూడు ప్రశ్నలు అడగాలి. మిల్లులో రైతుకూ నరికే కూలీకీ వాటా ఉందా? తిండి పంటకు నేల మిగిలిందా? ధర పడిన ఏడు అప్పు ఎవరి నెత్తిన? వీటికి జవాబు లేని చోట పెట్టుబడి మళ్ళీ పాత తోట లెక్కే: నష్టమంతా కింద, లాభమంతా పైన.