మళ్లీ నమూనాలు కట్టదలచినవారు తొలి పెట్టెను ఎన్నుకొనే విధం

బాల్యంలో ప్లాస్టిక్ విమానాలను, ఓడలను అతికించి మురిసినవారు చదువు, ఉద్యోగం, సంసారం అనే బాధ్యతల నడుమ ఆ వ్యాపకాన్ని విడిచి, నలభై ఏళ్లు దాటిన పిదప తిరిగి దానిపై మనసు పడటం కద్దు. కాని అనేకుల విషయంలో ఈ పునఃప్రారంభం ఒక్క పెట్టెతోనే ముగుస్తుంది. సగం అతికిన నమూనా అటకెక్కుతుంది. ఇంటి ఖర్చులో మిగిల్చిన సొమ్ముతోపాటు ఉత్సాహమూ వృథా అవుతుంది. ఇందుకు ముఖ్య కారణం పూర్తి చేయలేనిదానిని తొలుతనే కొనడం.

మొదట గ్రహించవలసినది కొలత. 1/72 అనగా అసలు వస్తువులో 72వ వంతు. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ విమానం స్పిట్‌ఫైర్ రెక్కల విస్తృతి 11.23 మీటర్లు. అది 1/72లో సుమారు 15.6 సెంటీమీటర్లు, 1/48లో 23.4, 1/32లో 35 సెంటీమీటర్లు అవుతుంది. చిన్నది సులువని భావించరాదు. చత్వారం వచ్చిన కంటికి 1/72లోని అతి చిన్న భాగాలు శ్రమ కలిగిస్తాయి. చూపునకూ, అలమరలోని చోటుకూ 1/48 మధ్యేమార్గం.

రెండవది అచ్చు వయస్సు. తయారీ సంస్థలు దశాబ్దాల నాటి అచ్చులను కొత్త బొమ్మగల పెట్టెలలో తిరిగి విక్రయించడం పరిపాటి. పాత అచ్చులలో అతుకులు సరిగా కూడక పుట్టీతో పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్దవలసి రావచ్చు. కావున పెట్టెపై చిత్రాన్ని గాక, అచ్చు తొలిసారి వెలువడిన సంవత్సరాన్ని విచారించాలి. ఎయిర్‌ఫిక్స్ 2010లో కొత్త అచ్చులతో తెచ్చిన 1/72 స్పిట్‌ఫైర్, తమియా 2018లో తెచ్చిన 1/48 స్పిట్‌ఫైర్ ఇట్టి ఆధునిక అచ్చులకు ఉదాహరణలు.

మూడవది భాగాల సంఖ్య. తమియా 2009లో విడుదల చేసిన 1/32 స్పిట్‌ఫైర్‌లో ఇంజను, సన్నని లోహపు రేకులు, మూతలు నిలిపే అయస్కాంతాలు సైతం ఉన్నాయి. అది ఉత్తమమైనదే, కాని చేయి తిరిగిన పిదప చేపట్టదగినది. వారానికి రెండు గంటలు మాత్రమే దొరికే గృహస్థు కొద్ది వారాలలో ముగిసేదానినే ఎన్నుకోవాలి.

పెట్టె ధరకు జిగురు, రంగులు, కత్తి, కుంచెల ఖర్చును ముందే కలుపుకోవాలి. కొన్ని ప్రారంభ పెట్టెలలో జిగురు, రంగులు, కుంచెలు కలిసే వస్తాయి. ప్లాస్టిక్ జిగురు ఆవిరి హానికరం, మండే స్వభావం గలది. గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా వాడాలి. ఇంట పసిపిల్లలుంటే చిన్న భాగాలు, కత్తి వారికందని చోట దాచాలి. రంగులలో నీటితో కడుగదగిన ఆక్రిలిక్ మేలు.

తొలి నమూనా లోపరహితంగా రానవసరం లేదు. పూర్తయి అలమరలో నిలిచిన సామాన్యమైన విమానమే రెండవ పెట్టె తెరిచే ధైర్యమిస్తుంది.