పరుగునకు న్యాయమైన కొలత

గడచిన మన పాఠశాల క్రీడోత్సవమున జరిగిన యొక చిన్న సంగతితో ఈ వ్యాసమును ప్రారంభించెదను. అందలి తప్పు నాది గనుక దానిని దాచుటకంటె చెప్పుటయే మేలని తలంచుచున్నాను.

బాలికల 100 మీటర్ల పందెమునకు గమ్యరేఖయొద్ద గడియారములు పట్టుకొని నిలిచిన ముగ్గురు ఉపాధ్యాయులలో నేనొకడను. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె అందఱికంటె ముందుగా వచ్చి చేరెను. నా గడియారము 14.4 సెకనులు చూపెను. మన పాఠశాల పుస్తకములో అంతవఱకు వ్రాయబడియున్న రికార్డు 14.6 సెకనులు. నేను తొందరపడి, “క్రొత్త రికార్డు!” అని కేక వేసితిని. పిల్లలందఱు చప్పట్లు కొట్టిరి. పుత్తూరు నుండి బస్సులో వచ్చిన ఆ బాలిక తల్లి కన్నులు తుడుచుకొనెను. అంతలో తక్కిన రెండు గడియారములు చూడగా, రెండింటియందును 14.7 ఉండెను. మూడు గడియారములలో రెండు ఏకీభవించినప్పుడు ఆ రెండింటి కాలమునే గ్రహింపవలెనని నియమము. కావున బహుమానము ఆ బాలికకే దక్కెను గాని, రికార్డు దక్కలేదు.

సాయంకాలము ఆమె నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, అయితే నా పరుగు అబద్ధమా?” అని యడిగెను. ఆ క్షణమున నాకు తగిన సమాధానము తోచలేదు. ఇప్పుడు వ్రాయుచున్నది ఆ సమాధానమే.

మొదట నా గడియారము ఏల తప్పెనో చెప్పవలెను. పందెమును ప్రారంభించువారు విజిల్ ఊదుచు జెండాను దించుదురు. గడియారము పట్టినవాడు జెండాను కంటితో చూచి మీట నొక్కవలెను. ధ్వనిని విని నొక్కరాదు. ఏలయనగా ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు మాత్రమే పయనించును. 100 మీటర్ల దూరమున నిలిచినవాని చెవికి విజిల్ చేరునప్పటికి సెకనులో పదింట మూడు వంతులు గడచిపోవును. ఆ సమయమున నేను ప్రక్కవారితో మాటలాడుచు జెండాను చూడక, చెవిని నమ్మితిని. 14.7కును 14.4కును గల భేదము సరిగా ఆ మూడు వంతులే. బాలిక పరుగు అబద్ధము కాదు. నా కొలత అబద్ధము.

గొప్ప పోటీలలో ఈ పనిని మనుష్యుని చేతికి విడువరు. తుపాకి ధ్వనితోనే విద్యుత్ గడియారము కదలును. గమ్యరేఖను ఒక కెమెరా సెకనునకు వేలమార్లు చిత్రించును. పరుగువారి పాదములు ఆనుకొను దిమ్మెలకు యంత్రములు అమర్చబడి యుండును. తుపాకి ప్రేలిన పిమ్మట సెకనులో పదవ వంతు గడవక మునుపే కదలినవారు, ధ్వనిని విని కాక ముందుగానే కదలినట్లు ఎంచబడుదురు. వెనుకనుండి వీచు గాలిని సహితము కొలిచెదరు. ఆ గాలి వేగము సెకనునకు 2.0 మీటర్లకు మించినచో, గెలుపు గెలుపే గాని ఆ కాలము రికార్డుగా చెల్లదు.

ఈ నియమముల కాఠిన్యమును మన తెలుగుదేశపు బిడ్డ యొకతె అనుభవించినంతగా అనుభవించినవారు అరుదు. ఆమె విశాఖపట్టణమునకు చెందిన యర్రాజి జ్యోతి. 1999వ సంవత్సరమున జన్మించెను. తండ్రి కావలి ఉద్యోగి. తల్లి ఇండ్లలోను ఆసుపత్రిలోను పనిచేసి సంసారమును నడిపినది. పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు ఆమె పొడవును గమనించి, అడ్డుకంచెల పరుగునకు తగినదని గుర్తించెను. స్త్రీల 100 మీటర్ల అడ్డుకంచెల పరుగులో పది కంచెలుండును. ఒక్కొక్క కంచె యెత్తు 83.8 సెంటీమీటర్లు, ఒకదానికిని మఱియొకదానికిని నడుమ దూరము 8.5 మీటర్లు. ఆ నడుమ మూడే అడుగులు వేసి మఱల దాటవలెను. ఒక అడుగు కుఱుచయైనను లయ చెడును. లయ చెడినచో కాలము చెడును.

ఈ పరుగులో భారతదేశపు రికార్డు 2002వ సంవత్సరమున అనురాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38 సెకనులు. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన విశ్వవిద్యాలయముల పోటీలలో జ్యోతి 13.03 సెకనులలో పరుగెత్తెను. అది రికార్డు కాలేదు. అచ్చట మాదకద్రవ్య పరీక్ష జరుగలేదు. జాతీయ సమాఖ్య సాంకేతిక ప్రతినిధియు లేడు. 2022 ఏప్రిల్‌లో కోళిక్కోడులో 13.09 సెకనులలో పరుగెత్తెను. అదియు రికార్డు కాలేదు. గాలి 2.1గా తేలెను; హద్దు 2.0. ఆ మిగిలిన పదవ వంతు గాలి మన ముఖమునకు తగిలినను తెలియదు. అయినను హద్దు హద్దే.

ఆమె ఏమి చేసెను? మఱుసటి నెల 10వ తేదీన సైప్రస్ ద్వీపములోని లిమస్సోల్ నగరమున, వెనుకగాలి సహాయము లేకయే 13.23 సెకనులలో పరుగెత్తి, ఇరువది యేండ్ల రికార్డును అధిగమించెను. ఇది ఆమె మునుపు పరుగెత్తిన రెండు కాలములకంటె మందమైనది. కాని కాగితముపై నిలిచినది ఇదియే. ఆ నెలలోనే దానిని 13.11కును, పిమ్మట 13.04కును తగ్గించెను. అక్టోబరులో గుజరాత్ జాతీయ క్రీడలలో 12.79 సెకనులలో గెలిచినప్పుడు గాలి 2.5గా ఉండెను, మఱల రికార్డు చెల్లలేదు. కొన్ని దినములకే బెంగుళూరులో న్యాయమైన గాలిలో 12.82 సాధించి, 13 సెకనుల లోపల ఈ పరుగును ముగించిన మొదటి భారతీయురాలిగా నమోదైనది.

ఈ కాఠిన్యము బీదవారికిని మన దేశమువారికిని మాత్రమేనని యెవరైన తలంచినచో, అది పొరపాటు. అదే 2022 జూలైలో అమెరికాలోని యూజీన్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో నైజీరియాకు చెందిన టోబీ అముసాన్ ఉపాంత్య పందెమున 12.12 సెకనులతో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. కొంతసేపటికే అంత్య పందెమున 12.06తో స్వర్ణపతకము గెలిచెను; కాని గాలి 2.5గా ఉన్నందున ఆ 12.06 రికార్డు కాలేదు. ప్రపంచ విజేతకును మన విశాఖ బాలికకును కొలత ఒక్కటే.

న్యాయమైన కొలత మనలను నిరాకరించుటకే గాదు, మన పక్షమున నిలుచుటకును ఉన్నది. 2023 అక్టోబరు 1వ తేదీన చైనాలోని హాంగ్‌జౌ నగరమున ఆసియా క్రీడల అంత్య పందెము జరుగుచుండగా, ప్రక్క వరుసలోని చైనా క్రీడాకారిణి తుపాకి ప్రేలక మునుపే కదలెను. జ్యోతియు ఆ కదలికను అనుసరించెను. అధికారులు మొదట జ్యోతిని తప్పించ బూనిరి. ఆమె కోపపడక, ఏడ్వక, చిత్రమును చూడుడని కోరి నిలిచెను. ఇద్దఱికిని పరుగెత్తుటకు అనుమతి లభించెను. జ్యోతి 12.91 సెకనులతో మూడవదిగా చేరెను. పిమ్మట పరిశీలనలో ముందు కదలినది చైనా క్రీడాకారిణియే యని తేలగా ఆమెను తొలగించి, జ్యోతికి రజతపతకము నిచ్చిరి.

2024 పారిస్ ఒలింపిక్ క్రీడలకు నేరుగా ప్రవేశించుటకు నిర్ణయించిన కాలము 12.77. జ్యోతి మేలైన కాలము 12.78. ఆ కాలమును 2023లో చైనాలోని చెంగ్డూ నగరమున ఒకమారు, 2024లో ఫిన్‌లాండు దేశమున ఒకమారు పరుగెత్తెను. నూఱవ వంతు మాత్రము దొరకలేదు. ప్రపంచ వరుసక్రమమును బట్టి ప్రవేశము లభించి, ఒలింపిక్ క్రీడలలో ఈ పందెమున నిలిచిన మొదటి భారతీయురాలైనది. అచ్చట 13.16తో తన వరుసలో ఏడవదిగాను, ఓడినవారికి ఇచ్చు రెండవ అవకాశములో 13.17తో నాల్గవదిగాను వచ్చి వెనుదిరిగెను. అంత్య పందెమున స్వర్ణము 12.33 సెకనులకు, రజతము 12.34 సెకనులకు దక్కెను. ఆ నూఱవ వంతు సంగతి మన దేశమునకు క్రొత్త గాదు. 1984 లాస్ ఏంజెలెస్‌లో 400 మీటర్ల అడ్డుకంచెల పరుగున పి.టి. ఉష 55.42 సెకనులలో చేరగా, కాంస్యపతకము 55.41 సెకనులలో చేరిన రుమేనియా క్రీడాకారిణికి పోయెను.

ఇంత సూక్ష్మమైన లెక్క యెందులకని కొందఱు అడుగుదురు. మన చిత్తూరు సీమలో తోతాపురి మామిడిని కాటాకు తెచ్చు రైతు నడుగుడు, చెప్పును. కాటా సరియైనదని నమ్మకమున్నప్పుడే అతడు తన కాయల బరువును నమ్మి మఱుసటి యేడు చెట్లకు నీరు పెట్టును. కాటా అతనికి అనుకూలముగా తప్పినను మేలు గాదు. ఒకనాడు అనుకూలముగా తప్పినది మఱియొకనాడు ప్రతికూలముగా తప్పకపోదు. నేను ప్రేమతోనే ఆ బాలికకు మూడు వంతులు ఎక్కువ ఇచ్చితిని. కాని అది ఆమెనుండి ఒక మేలును దొంగిలించెడిది. 14.4 అని పుస్తకములో వ్రాసియుండినచో, వచ్చు సంవత్సరము ఆమె నిజముగా 14.5 పరుగెత్తి, తాను వెనుకబడితినని దుఃఖించియుండును.

2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమి నగరమున జ్యోతి 12.96 సెకనులతో మఱల ఆసియా విజేతయై, ఆ పోటీల రికార్డును నెలకొల్పెను. ఆ దినమున వర్షము వలన ప్రేక్షకస్థానములు వెలవెలబోయి యుండెను. చప్పట్లు కొట్టువారు లేకపోయినను గడియారము ఉండెను. మా మైదానమున జరిగినది దీనికి తలక్రిందు: చప్పట్లు మెండు, కొలత మాత్రము తప్పు.

తల్లిదండ్రులకు నా మనవి: మీ బిడ్డ యొక్క అంకె తగ్గినదని చింతింపకుడు, అది నిజమైన అంకెయేనా యని మాత్రము మమ్ము అడుగుడు. ఇకమీదట మన క్రీడోత్సవమున, మూడు గడియారములను చూచిన పిమ్మటనే ఫలితము ప్రకటింపబడును; గడియారము పట్టినవారు మాటలాడరాదు. ఈ నియమమును కోరినవాడను నేనే.

ఆ బాలికకు నా సమాధానము ఇది. అమ్మా, నీ పరుగు సత్యము. పుస్తకములో నీ పేరున 14.7 అని నా చేతితోనే వ్రాసి, క్రింద సంతకము చేసితిని. పాత రికార్డు నీకు ఒక్క వంతు దూరమున ఉన్నది. వచ్చు సంవత్సరము నేను జెండానే చూచెదను.