బిల్‌బోర్డ్ 200

బిల్‌బోర్డ్ 200 అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఆదరణ పొందిన 200 సంగీత ఆల్బముల వారపు జాబితా. దీనిని బిల్‌బోర్డ్ పత్రిక వెలువరిస్తుంది. ఆల్బముల అమ్మకాలు క్షీణించిన తరువాత ఈ జాబితాలోని స్థానాలకు విలువ ఎంత అన్నది చర్చనీయాంశమైంది.

లెక్కింపు

1991 వరకు దుకాణదారులు ఇచ్చిన సమాచారమే జాబితాకు ఆధారం. ఆ ఏడాది మే నుండి సౌండ్‌స్కాన్ సంస్థ బార్‌కోడ్ ద్వారా నమోదైన అసలు అమ్మకాలను అందించసాగింది.

అమ్మకాల క్షీణత

2000లో ఎన్‌సింక్ బృందపు "నో స్ట్రింగ్స్ అటాచ్డ్" మొదటి వారంలోనే 24 లక్షల ప్రతులు అమ్ముడై అగ్రస్థానం పొందింది. 2011 జనవరిలో కేక్ బృందపు "షోరూమ్ ఆఫ్ కంపాషన్"కు అదే స్థానం దాదాపు 44 వేల ప్రతులతోనే దక్కింది. స్థానం ఆ వారపు పోటీలో ఎవరు ముందున్నారో తెలుపుతుందే గాని ఎందరు కొన్నారో తెలుపదు. కనుక వేర్వేరు కాలాల అగ్రస్థానాలను పోల్చడం సరికాదు. అయితే క్షీణత అందరికీ ఒకేలా లేదు: 2015లో అడెల్ ఆల్బము "25" ఒక్క వారంలో 33 లక్షలకు పైగా అమ్ముడైంది.

స్ట్రీమింగ్

2014 డిసెంబరు నుండి అంతర్జాలంలో వినడాన్ని కూడా లెక్కించసాగారు. ఒక ఆల్బములోని పాటలను మొత్తం 1,500 సార్లు వింటే ఒక ప్రతి అమ్ముడైనట్లు పరిగణించారు. 2018లో ఈ నిష్పత్తిని మార్చి, ఉచితంగా వినేవారి కంటే చందాదారుల వినికిడికి ఎక్కువ విలువనిచ్చారు. 2019 జనవరిలో ఎ బూగీ విత్ ద హుడీ అనే ర్యాప్ గాయకుని ఆల్బము ఒక వారంలో 823 ప్రతులే అమ్ముడైనా, పాటలను 8 కోట్ల సార్లకు పైగా విన్నందున అగ్రస్థానంలో నిలిచింది.

ప్రాధాన్యత

స్థానం కోసం పోటీ మాత్రం తగ్గలేదు. కొందరు కళాకారులు టీషర్టులతో, కచేరీ టికెట్లతో ఆల్బమును జతచేసి అమ్మి లెక్క పెంచుకోగా, 2020లో బిల్‌బోర్డ్ అటువంటి అమ్మకాలపై నిబంధనలను కఠినతరం చేసింది.