ఫ్రీ డిష్‌లో ఛానళ్లు పోయాయా? పైసా ఖర్చు లేకుండా మీరే తెచ్చుకోండి

నిన్నటిదాకా వచ్చిన ఛానల్ ఇవాళ రావడం లేదా? టీవీ పాడైందని, డబ్బు కట్టాలని కంగారు పడకండి. డీడీ ఫ్రీ డిష్‌కు నెలవారీ చందా లేదు, రీచార్జ్ లేదు. చాలాసార్లు రిమోట్‌తో ఒకసారి స్కాన్ చేస్తే సరిపోతుంది.

ఎందుకు పోతాయి?

దూరదర్శన్ ఈ సేవను 2004 డిసెంబరులో మొదలుపెట్టింది. ఇందులో ప్రైవేటు ఛానళ్లకు చోటును ప్రసార భారతి వేలంలో కేటాయిస్తుంది. సాధారణంగా ఏటా ఏప్రిల్ 1 నుంచి కొన్ని కొత్తవి వస్తాయి, కొన్ని పోతాయి, కొన్నిటి స్థానం మారుతుంది. మీ బాక్సులో ఉన్నది పాత జాబితా. దాన్ని కొత్తది చేసుకోవడమే స్కాన్. వేలంలో చోటు దక్కని ఛానల్ మాత్రం ఎన్నిసార్లు స్కాన్ చేసినా రాదు.

మేడ మీద పాత చేపముల్లు యాంటెన్నా ఉన్నవారికి ఒక మాట. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా దాదాపు అన్నిచోట్లా ఆపేసింది. ఆ కర్రను ఎటు తిప్పినా లాభం లేదు.

స్కాన్ ఇలా చేయండి

1. వాన లేనప్పుడే చేయండి. జోరువానలో సిగ్నల్ తగ్గుతుంది. అప్పుడు స్కాన్ చేస్తే ఉన్న ఛానళ్లు కూడా పోవచ్చు.
2. రిమోట్‌లో మెనూ నొక్కి, ఇన్‌స్టాలేషన్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే చాలా బాక్సుల్లో 0000.
3. శాటిలైట్ పేరు జీశాట్-15 లేదా డీడీ ఫ్రీ డిష్ ఉందో లేదో చూడండి.
4. కింద రెండు గీతలు కనిపిస్తాయి. స్ట్రెంత్ ఉండి, క్వాలిటీ సున్నా ఉంటే గొడుగు పక్కకు తిరిగిందని అర్థం. ముందు దాన్ని సరిచేయాలి.
5. క్వాలిటీ బాగుంటే ఆటో స్కాన్ నొక్కండి. పూర్తయ్యేదాకా కరెంటు ఆపకండి. చివర సేవ్ చేయండి.

గొడుగు తిరిగిపోతే

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి గొడుగు దక్షిణానికి కొంచెం తూర్పుగా చూడాలి. ఎదురుగా కొబ్బరి మట్ట గానీ కొత్త గోడ గానీ అడ్డం ఉండకూడదు. తడి మేడ మీదకు, ఈదురుగాలిలో ఎక్కకండి.

కొన్ని ఛానళ్లు పక్కింట్లో వచ్చి మీ ఇంట్లో రాకపోతే, మీది పాత ఎంపెగ్-2 బాక్సు కావచ్చు. కొత్త ఎంపెగ్-4 బాక్సులో రెండు రకాలూ వస్తాయి.

ఉచిత బాక్సు వచ్చినవారికి

కేంద్రం 2023 జనవరిలో ఆమోదించిన బైండ్ పథకంలో మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకు, ఆకాంక్షిత జిల్లాలకు 8 లక్షలకు పైగా ఉచిత బాక్సులు ఇవ్వాలని నిర్ణయించారు. 2018లో ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల్లో విజయనగరం ఒకటిగా ఉండేది. మీ బాక్సు ఉచితమైతే ఛానళ్లు కూడా ఉచితమే. "స్కీమ్ రెన్యువల్" అంటూ ఎవరైనా డబ్బు గానీ, ఆధార్ గానీ, ఓటీపీ గానీ అడిగితే ఇవ్వకండి. సచివాలయంలో చెప్పండి.

తుఫాను ముందే చూసుకోండి

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి. అలాంటి రాత్రి కబురు తెలియడం ప్రాణంతో సమానం. అందుకే సెప్టెంబరులోనే ఒకసారి స్కాన్ చేసి, డీడీ సప్తగిరి వస్తోందో లేదో చూసుకోండి. గొడుగు బోల్టులు బిగించండి. కరెంటు పోతే టీవీ పని చేయదు కాబట్టి బ్యాటరీ రేడియో ఒకటి దగ్గర ఉంచుకోండి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి.

మీ వీధిలో రిమోట్ వాడటం రాని పెద్దవాళ్లు ఉంటే ఈ పీడీఎఫ్ పంపడంతో సరిపెట్టకండి. ఓ పది నిమిషాలు వెళ్లి స్కాన్ చేసి రండి.