అర్ధరాత్రి రేడియోలో అద్భుతాలు: వినోదమెంత? విజ్ఞానమెంత?

అమెరికాలో రాత్రిపూట లారీలు నడిపేవారికి, నైట్ షిఫ్టు కార్మికులకు, కాపలాదారులకు, నిద్రపట్టనివారికి 1990లలో ఒక గొంతు బాగా పరిచయం. అది ఆర్ట్ బెల్ గొంతు. నెవాడా ఎడారిలోని పరంప్ అనే చిన్న ఊళ్ళో, ఇంటి దగ్గరే ఏర్పాటు చేసుకున్న స్టూడియో నుంచి ఆయన 'కోస్ట్ టు కోస్ట్ ఎ.ఎం.' అనే కార్యక్రమం నడిపేవారు. తూర్పు తీరంలో రాత్రి ఒంటిగంటకు మొదలై తెల్లవారుజాము దాకా సాగే ఆ కార్యక్రమంలో ఎగిరే పళ్ళేలు, దయ్యాలు, కాలంలో ప్రయాణించి వచ్చామనేవారు, ప్రభుత్వం దాచిపెట్టిందనే రహస్యాలు – అన్నిటికీ చోటుండేది. వందలాది స్టేషన్లు దాన్ని ప్రసారం చేసేవి. వారానికి కోటిమంది దాకా వినేవారని అప్పట్లో అంచనా. 2003లో కార్యక్రమం బాధ్యత జార్జ్ నూరీ చేతికి వచ్చింది. బెల్ 2018లో మరణించారు.

ఇది ఉత్త వినోదమేననీ, అతిథులు చెప్పేదంతా తాను నమ్మననీ, ఎవరినీ ఎగతాళి చేయకుండా మాట్లాడనిచ్చే వేదిక మాత్రమే తనదనీ బెల్ అనేవారు. సరే, వినోదమే అనుకుందాం. దయ్యాల కథ వినడం తప్పేమీ కాదు కదా! మరి శాస్త్రజ్ఞులు ఎందుకు అభ్యంతరపెట్టారు? దీనికి జవాబు తెలియాలంటే ముందు ఆ కార్యక్రమం ఎలా పనిచేసేదో చూడాలి.

రాత్రే ఎందుకు?

మొదటి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. పగలు సూర్యకిరణాల ప్రభావంతో భూమికి సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున 'డి' అనే అయనీకృత పొర ఏర్పడుతుంది. అది మీడియం వేవ్ తరంగాలను చాలావరకు పీల్చేసుకుంటుంది. పొద్దుగూకగానే ఆ పొర బలహీనపడి దాదాపు మాయమవుతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరలను చేరి, అక్కడినుంచి వంగి భూమికి తిరిగివస్తాయి. అందువల్ల 50 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ ప్రసారం రాత్రివేళ వందల కిలోమీటర్లు, ఒక్కోసారి వెయ్యి కిలోమీటర్లు దాటి వినిపిస్తుంది. మన ఇళ్ళలో ట్రాన్సిస్టర్లు మోగిన రోజుల్లో, పగలు పలకని దూరపు స్టేషన్లు రాత్రయ్యేసరికి గరగరమంటూ పలికింది కూడా ఇందువల్లే.

రెండో కారణం మన మెదడులో ఉంది. చీకటి, ఒంటరితనం, సగం నిద్ర – వీటి మధ్య ఒక గొంతు మాత్రమే వినిపిస్తుంటే, బొమ్మ గీసుకునే పని మన ఊహదే. పైగా నిద్రకూ మెలకువకూ మధ్య వింత అనుభవాలు కలుగుతాయి. ఒక్కోసారి మెలకువ వస్తుంది గాని ఒళ్ళు కదలదు. గదిలో ఎవరో ఉన్నట్లు, గుండెల మీద కూర్చున్నట్లు అనిపిస్తుంది. దీన్ని నిద్రా పక్షవాతం అంటారు. కలలొచ్చే నిద్రలో శరీరం కదలకుండా మెదడు కండరాలను సడలించి ఉంచుతుంది. ఆ సడలింపు వీడకముందే తెలివి వస్తే ఇలా జరుగుతుంది. ఇందులో భయపడవలసిందేమీ లేదు. అయితే ఈ అనుభవానికి ఒక దేశంలో దయ్యమని పేరు, ఇంకో దేశంలో గ్రహాంతరవాసి అని పేరు. ఫోన్ చేసి చెప్పే మనిషి అబద్ధం ఆడటం లేదు. అనుభవం నిజమే. దానికి ఇచ్చుకున్న వివరణే పరీక్షకు నిలవాలి.

ఫోన్ అనే జల్లెడ

ఇప్పుడొక చిన్న లెక్క వేద్దాం. బంధువుకు ప్రమాదం జరిగినట్లు కల రావడం, మర్నాడే అది నిజం కావడం – ఇలా జరిగే అవకాశం ఒక మనిషికి ఒక రాత్రిలో పదిలక్షలకు ఒకటి అనుకోండి. ఇది ఉదాహరణ కోసం వేసుకున్న అంకె. శ్రోతలు కోటిమంది ఉంటే, ప్రతి రాత్రీ సగటున 10 మందికి, ఏడాదికి 3,650 మందికి ఇలాంటి అనుభవం కేవలం యాదృచ్ఛికంగా కలుగుతుంది. వాళ్ళలో రోజుకు ముగ్గురు ఫోన్ చేసినా కార్యక్రమం రక్తికడుతుంది!

మిగిలిన 99,99,990 మంది సంగతి? "నిన్న నాకు పీడకల వచ్చింది, ఏమీ జరగలేదు" అని చెప్పడానికి రేడియోకు ఎవరు ఫోన్ చేస్తారు? అంటే ఫోన్ లైను ఒక జల్లెడలా పనిచేస్తుంది. కలిసినవి పైకొస్తాయి, కలవనివి రాలిపోతాయి. విన్న ప్రతి మాటా నిజమే అయినా, వాటినుంచి మనం తీసే ముగింపు తప్పవుతుంది. ఇందులో ఎవరూ మోసం చేయనక్కరలేదు. ఈ సంగతి గమనించడం చాలా ముఖ్యం.

తోకచుక్క వెనుక 'తోడు'

కొన్ని కబుర్లు మాత్రం పరీక్షకు దొరుకుతాయి. 1995 జులైలో అలన్ హేల్, థామస్ బాప్ అనే ఇద్దరు అమెరికన్లు విడివిడిగా ఒక తోకచుక్కను కనుగొన్నారు. 1997 మార్చి, ఏప్రిల్ నెలల్లో సాయంత్రంపూట వాయవ్య దిక్కున అది మన డాబాల మీదనుంచి కూడా మామూలు కంటికి కనిపించింది. అంతకు కొన్ని నెలల ముందు, 1996 నవంబరులో, హ్యూస్టన్‌కు చెందిన ఒక ఔత్సాహిక పరిశీలకుడు ఈ తోకచుక్కను ఫొటో తీశాడు. పక్కనే శనిగ్రహంలా వలయమున్న వస్తువు ఒకటి కనిపించింది. అతని కంప్యూటర్ నక్షత్రపటంలో ఆ చోట ఏ నక్షత్రమూ లేదు. వెంటనే బెల్ కార్యక్రమంలో ఆ సంగతి చెప్పాడు. తరువాత ఎమరీ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించే కోర్ట్‌నీ బ్రౌన్ అదే కార్యక్రమానికి వచ్చి, దూరదృష్టి శక్తి గలవారు దాన్ని చూశారనీ, అది కృత్రిమ వస్తువనీ అన్నారు.

ఖగోళ శాస్త్రజ్ఞులు చేసిన పని సులువైనది. ఫొటోలోని స్థానాన్ని నక్షత్రాల పట్టికతో పోల్చారు. అక్కడ ఎస్.ఎ.ఒ. 141894 అనే నక్షత్రం ఉంది. మామూలు కంటికి అందనంత మసకది, చిన్న టెలిస్కోపుకు మాత్రం తేలిగ్గా దొరుకుతుంది. పరిశీలకుడి పటంలో అది కనబడకపోవడానికి కారణం సాఫ్ట్‌వేర్‌ను అమర్చుకున్న తీరు. 'వలయం' కాంతి వివర్తనంవల్ల ఏర్పడిన గీత. పైగా తోకచుక్క రోజురోజుకూ జరుగుతుంది, నక్షత్రం ఉన్నచోటే ఉంటుంది. నిజంగా తోడే అయితే వెంట నడవాలి కదా!

కథ అంతటితో ఆగలేదు. పేరు చెప్పని ఒక గొప్ప శాస్త్రజ్ఞుడు తీశాడంటూ ఇంకో ఫొటో బెల్‌కు చేరింది. 1997 జనవరిలో బెల్, రచయిత విట్లీ స్ట్రీబర్ దాన్ని ఇంటర్నెట్‌లో బయటపెట్టారు. హవాయి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు డేవిడ్ థోలెన్, ఒలివియే ఐనో చూసి, 1995 సెప్టెంబరులో తాము తీసిన చిత్రాన్నే ఎవరో మార్చారని అసలుతో పోల్చి చూపించారు. న్యాయంగా ఒక మాట చెప్పాలి: ఫొటోను బయటపెట్టడంవల్లే మోసం పట్టుబడింది. గొంతులో దాగిన ఆధారాన్ని ఎవరూ పరీక్షించలేరు. బల్లమీద పెట్టిన ఆధారాన్ని ఎవరైనా పరీక్షించవచ్చు.

'ఉత్త వినోదం' అంటే సరిపోతుందా?

1997 మార్చి 26న కాలిఫోర్నియాలోని రాంచో శాంటా ఫేలో ఒక ఇంట్లో 39 మంది విగతజీవులై కనిపించారు. వారు 'హెవెన్స్ గేట్' అనే మత బృందానికి చెందినవారు. తోకచుక్క రాక ఒక సంకేతమనీ, తమను తీసుకువెళ్ళే అంతరిక్షనౌక వస్తోందనీ నమ్మి ప్రాణాలు వదులుకున్నారు. దీనికి రేడియోనే కారణమనడం తొందరపాటు అవుతుంది. ఆ బృందం 1970లనుంచే ఉంది. దాని నమ్మకాలూ అప్పటివే. పైగా తోడు వస్తువు ఉన్నా లేకున్నా తమకు ఒకటేనని వాళ్ళు తమ ప్రకటనలో రాసుకున్నారు.

ఆ వాక్యాన్ని మరోసారి చదవండి. ఆధారం ఉన్నా లేకున్నా ఒకటే అనుకున్న చోట, ఏ టెలిస్కోపూ ఏమీ చేయలేదు. ఎప్పుడూ ప్రశ్న వేయని వినోదం శ్రోతకు ఈ అలవాటునే నేర్పుతుందని శాస్త్రజ్ఞుల భయం. అందుకే అతీంద్రియ వాదనలను పరిశీలించే అమెరికన్ సంఘం ఒకటి 1998లో బెల్‌కు 'ఆర్పిన కొవ్వొత్తి' అనే వ్యంగ్య పురస్కారం ప్రకటించింది.

అయితే వ్యంగ్యం మాత్రమే సరిపోదు. వింత అనుభవం కలిగినవాణ్ణి చూసి మనం నవ్వితే, నవ్వనివాళ్ళ దగ్గరికి వెళతాడు. ఓపికగా విని, పరీక్షకు ఒప్పించాలి. గారడీవిద్యలో ఆరితేరిన జేమ్స్ రాండీ చేసినది అదే. అతీంద్రియ శక్తిని నిరూపిస్తే బహుమతి ఇస్తానని 1964లో వెయ్యి డాలర్లతో మొదలుపెట్టారు. 1990ల నాటికి అది పదిలక్షల డాలర్లయింది. పరీక్ష ఎలా జరగాలో, ఏది గెలుపో, ఏది ఓటమో ఇరుపక్షాలూ ముందే ఒప్పుకోవాలి. 2015లో ఆ పోటీ ముగిసేదాకా ఎవరూ బహుమతి అందుకోలేదు.

మీరే చేసి చూడండి

ఇప్పుడు అర్ధరాత్రి కథలు సెల్‌ఫోనులోనే వినిపిస్తున్నాయి. వాటికి అయనావరణంతో పనిలేదు. వినండి, ఆనందించండి. వింటున్నప్పుడు మాత్రం మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది అబద్ధమైతే ఎలా తెలుస్తుంది? ఇంకెవరైనా చూశారా? ఫోన్ చేయనివాళ్ళు ఎంతమంది?

ఒక నోటు పుస్తకం తీసుకుని నెలరోజులపాటు, నిద్రలేవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే మీ కలలు రాసి తేదీ వేయండి. ఏది జరిగితే కల నిజమైనట్లు లెక్కో కూడా అప్పుడే రాయండి. నెలాఖరున నిజమైనవి ఎన్నో, కానివి ఎన్నో పక్కపక్కన వేసి చూడండి. మీ తరగతిలో నలభైమంది కలిసి చేస్తే ఇంకా మంచిది. ఒకరిద్దరి కలలు నిజమై తీరవచ్చు. అప్పుడు మిగిలిన పుస్తకాలు కూడా తెరిచి చదవండి.