విడిచిన అలవాటు తిరిగి ఏల వచ్చును?

ఒక గృహస్థు పేకాట మానినాడనుకొందము. ఆ వేళకు భజనగోష్ఠికి పోవుచు పదిమంది ఆదరమును పొందుచుండెను. కొన్నేండ్లకు గోష్ఠి ఆగిపోయెను. నెల తిరుగకుండగనే పేకముక్కలు మరల చేతికి వచ్చెను. వానికి మనోబలము లేదని లోకము నిందించును. ఆ నింద తగదని మా మనవి.

పతంజలి మహర్షి యోగసూత్రములలో క్లేశములకు నాలుగవస్థలు చెప్పినారు. నిద్రించునది ప్రసుప్తము, పలుచబడినది తనువు, వేరొకదానిచే అణగి మధ్యమధ్య తలయెత్తునది విచ్ఛిన్నము, పూర్తిగా వ్యక్తమైనది ఉదారము. అనగా కానరానిదెల్ల నశించినట్లు కాదు. వేసవిలో ఎండిన గరిక తొలకరికి పచ్చబడును గదా!

ఆధునిక మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల పరీక్షలును ఇట్లే తెలుపుచున్నవి. 1983లో రాబర్ట్ ఎప్‌స్టీన్ పావురములపై చేసిన పరిశీలన ఒకటి కలదు. బిళ్ళను ముక్కుతో పొడిచినచో గింజలు లభించునని పావురము నేర్చెను. గింజలు నిలుపగా పొడుచుట మానెను. పిదప వేరొక చేష్టకు గింజలొసగగా దానిని అభ్యసించెను. ఆ గింజలును నిలిచిన పిమ్మట పాత పొడుపు తిరిగి తలయెత్తెను. క్రొత్త అలవాటు పాతదానిని కప్పెనే గాని తుడిచివేయలేదు.

పూర్వము ఫలము లభించిన తీరును గమనింపదగినదే. ప్రతిమారు ఫలించిన అలవాటుకంటె, ఎప్పుడో యొకప్పుడు ఫలించిన అలవాటే మొండిదని స్కిన్నర్ మున్నగువారు నిరూపించిరి. మారాము చేసినప్పుడెల్ల మిఠాయి దొరకిన బాలుడు, రెండుమూడుమార్లు దొరకనిచో ఊరకుండును. పదిమార్లకొకమారు దొరకినవాడు 'ఈమారు దొరకునేమో' యని ఏడ్చుచునే యుండును. జూదరి ఆశయు నిట్టిదే. కావున ఒకనాడు కాదని, మరునాడు జాలిచే ఔననుట దయ కాదు. వేరునకు నీరు పోయుటయే.

అభ్యాసము స్థిరపడుటకు దీర్ఘకాలము, ఎడతెగమి, ఆదరము అను మూడును కావలెనని పతంజలి మతము. మొదటి రెండింటిని అందరును చెప్పుదురు, మూడవదానిని మరతురు. సాధకునికి తన సాధనపై ఆదరము నిలువవలెనన్న, ఇంటివారి ఆదరమును తోడు కావలెను.

మన ఇంట ఎవరైన మానిన అలవాటునకు తిరిగి లోనైనచో, 'నీకు సిగ్గు లేదా' యని అడుగుట మాని, మంచి దినములలో వారికి దక్కిన ఆదరము ఎక్కడ ఆగిపోయెనో వెదకుదము. ఆగినదానిని తిరిగి కల్పింతము. స్వస్తి.